మా రోజుల్లో విమానం చెక్కేవాళ్ళం

ఇప్పుడు విమానం నమూనా చేయడమంటే డబ్బా విప్పడం. లేజరుతో కోసిన ముక్కలు నంబర్లు వేసుకుని వస్తాయి. ఒకటో నంబరు తీసి రెండో నంబరులో దోపితే సరి. అంత ఓపిక కూడా లేనివాళ్ళకి త్రీడీ ప్రింటరు ఉంది. రాత్రి ఫైలు పెట్టి పడుకుంటే తెల్లారేసరికి రెక్కలతో సహా ప్లాస్టిక్ విమానం తయారు. దాన్ని బడికి పట్టుకెళ్ళి "నేనే చేశాను" అని చెబుతున్నారు. నాకు ఒళ్ళు మండేది ఆ మాట దగ్గరే.

మా రోజుల్లో కర్ర చెక్కేవాళ్ళం. బెజవాడలో పెరిగాం, కొండపల్లి పక్కనే. బొమ్మలకి వాడే తెల్ల పొనికి చేతిలోకి తీసుకుంటే బరువే తెలీదు, బ్లేడు పెడితే చాలు తెగుతుంది. ఇంగ్లీషు పత్రికల్లో బాల్సా కర్ర వాడమని రాసేవారు. అది ఎక్కడో ఈక్వెడార్ నుంచి రావాలి, మాకు అందేది కాదు. బల్ల మీద నిలబెట్టుకునే నమూనాకి పొనికి ఏం తక్కువ? కాకపోతే కర్ర ఆరాలి. కొండపల్లి పనివాళ్ళు సన్నని సెగ చూపించి అందులో తడి లాగేసేవారు. పచ్చి కర్రతో రెక్క చేస్తే నాలుగు రోజులకే మెలి తిరుగుతుంది. ఆర్డరు పెట్టిన పూటకే వస్తువు కావాలనే ఇప్పటివాళ్ళకి కర్ర ఆరేదాకా ఆగమంటే ఎలా ఉంటుంది!

మేము ఎక్కువ ఇష్టపడి చెక్కింది మారుత్. హెచ్.ఎఫ్.-24 అనేవారు. మన దేశంలోనే రూపొందించి తయారుచేసిన తొలి జెట్ యుద్ధ విమానం. 1961 జూన్ 17న బెంగళూరులో ఎగిరింది. దాన్ని రూపొందించింది కుర్ట్ టాంక్, రెండో ప్రపంచ యుద్ధంలో ఫాకె-వుల్ఫ్ 190 రూపొందించిన జర్మన్ ఇంజనీరు. ఎగరేముందు దాని ఆకారం గాలిలో ఎలా నడుస్తుందో పరీక్షించడానికి, దాన్ని తయారుచేసిన హెచ్.ఎ.ఎల్. కంపెనీ వాళ్ళు 1959లో అసలు సైజులోనే కర్రతో ఒక గ్లైడరు చేసి, డకోటా విమానానికి కట్టి పైకి తీసుకెళ్ళారు. అంటే అసలు మారుత్ కూడా ముందు కర్రలోనే పుట్టింది. సరైన ఇంజను దొరక్క అనుకున్న వేగం అందుకోలేకపోయింది గానీ, 1971 యుద్ధంలో పనిచేసింది. అంత అందమైన విమానానికి అంతకంటే మంచి ఇంజను దొరికి ఉండాల్సింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మారుత్ అందమంతా నడుములో ఉంది. ధ్వని వేగానికి దగ్గరపడేకొద్దీ గాలి విమానాన్ని వెనక్కి లాగుతుంది. ఆ లాగుడు తగ్గాలంటే, ముక్కు నుంచి తోక దాకా ఏ చోట అడ్డంగా కోసినా ఆ కోత వైశాల్యం ఉన్నట్టుండి పెరగకూడదు. రెక్కలు మొదలయ్యే చోట అవి కొంత వైశాల్యం కలుపుతాయి కాబట్టి, అక్కడ ఒడలు సన్నబడాలి. ఈ సంగతి పుస్తకంలో చదివితే ఒక పేరా. ఆకురాయి పట్టుకుని ఆ నడుము తీసినవాడికి మాత్రం చచ్చేదాకా గుర్తుంటుంది. రెక్క ఎక్కడ పుట్టిందో అక్కడే నడుము ఎందుకు లోపలికి పోవాలో వేళ్ళకి తెలుస్తుంది. ప్రింటరు ఉమ్మేసిన ముక్కని చూసినవాడికి ఆ ప్రశ్నే రాదు.

చెక్కే పద్ధతి చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. మేము చేసేది 72వ వంతు. అసలు విమానం పొడవు 15.87 మీటర్లు, రెక్కల వెడల్పు 9 మీటర్లు. బల్ల మీదికి వచ్చేసరికి 22 సెంటీమీటర్లు, పన్నెండున్నర. ఇక్కడ ఒక్క మిల్లీమీటరు తప్పితే అక్కడ ఏడు సెంటీమీటర్లు తప్పినట్టు. ముందు కర్రని నలుచదరంగా చిత్రిక పట్టి, నాలుగు వైపులా మధ్యగీత గీయాలి. మా వీధి వడ్రంగి మావయ్య ఒకటే అనేవాడు: "ఒరే అబ్బాయ్, మధ్యగీత చెరిగిందా, ఇక ఆ కర్ర నీ మాట వినదు." ఆ తరువాత పక్క నుంచి, పై నుంచి కనబడే ఆకారాలు కర్ర మీద గీసి, ముందు పక్క ఆకారం కోయాలి. కోస్తే పైన గీసుకున్న బొమ్మ పోతుంది కదా? అందుకే కోసిన ముక్కల్ని పారేయకుండా చిన్న మేకులతో మళ్ళీ తగిలించి, కర్రని మళ్ళీ నలుచదరంగా చేసి, అప్పుడు పై ఆకారం కోయాలి. ఆ ముక్కలు ఊడదీస్తే లోపల నుంచి విమానం మొట్టమొదటిసారి కనబడుతుంది. పలకలుగా, మొరటుగానే ఉంటుంది గానీ మారుత్ అని తెలిసిపోతుంది.

అసలు పని అక్కడి నుంచే. మూలలు కొట్టేసి ఎనిమిది పలకలు చేయాలి. ముక్కు దగ్గర, నడుము దగ్గర, తోక దగ్గర ఒంపు ఎంతుండాలో అట్టముక్కల్లో కత్తిరించుకుని, వాటిని కర్రకి ఆనించి దీపానికి ఎదురుగా పట్టుకోవాలి. వెలుతురు ఎక్కడ దూరుతుందో చూసి, అట్ట ఆనుకుని ఉన్న మెరకని ఉప్పుకాగితంతో తీయాలి. కంటికి కనబడని మెట్ట కూడా కళ్ళు మూసుకుని వేలు పోనిస్తే దొరుకుతుంది. రెండు రెక్కలూ ఒకదాని మీద ఒకటి అంటించి ఒకేసారి గీకాలి, లేకపోతే కుడి ఎడమలు సరిపోవు. రెక్క ఒడలిని కలిసేచోట సన్నని వెదురు మేకు దిగ్గొట్టి, ఆ సందు ఒంపుగా నింపడానికి కొండపల్లి వాళ్ళ మక్కు వాడేవాళ్ళం. రంపపు పొట్టు, చింతపిక్కల పిండి కలిపిన ముద్ద అది. ఫెవికాల్ అంటించడానికి బాగానే ఉంటుంది గానీ, ఎండాక మక్కు గీకితే కర్రలో కర్రలా కలిసిపోతుంది. పైన లప్పం, మళ్ళీ ఉప్పుకాగితం, ఆ పైన సిల్వర్ పెయింటు.

పిల్లల చేతికి కత్తి ఇవ్వకూడదట ఇప్పుడు. మా మనవణ్ణి పొనికి ముక్కతో కూర్చోబెడితే ఇంట్లో అందరూ నా మీద లేచారు. వాడు కూడా "తాతయ్యా, ఆర్డరు పెట్టేద్దాం, రేపటికి వచ్చేస్తుంది" అన్నాడు. అదే 1942లో అమెరికా నౌకాదళం ఐదు లక్షల విమాన నమూనాలు కావాలని బడిపిల్లల్నే అడిగింది. అవీ 72వ వంతే. పిల్లలు కర్ర చెక్కి, నల్లరంగు వేసి పంపారు. పది మీటర్ల దూరంలో పట్టుకుంటే 720 మీటర్ల దూరంలో ఉన్న అసలు విమానంలా కనబడుతుంది. ఆకారం చూసి మనవాడెవరో శత్రువెవరో పోల్చుకోవడం సైనికులు వాటితో నేర్చుకున్నారు. యుద్ధ సమయంలో ఒక ప్రభుత్వం బడిపిల్లల చేతిపనిని అంత నమ్మింది. మనం మన పిల్లల్ని ఒక బ్లేడుముక్కతో నమ్మలేకపోతున్నాం.

ఇప్పుడు నిజంగా మెరుగైనది ఒకటుంది, కొలతల బొమ్మలు. మేము లైబ్రరీలో కూర్చుని ట్రేసింగు కాగితం మీద గీసుకున్నవి ఇప్పుడు ఇంట్లోనే, మూడు వైపుల నుంచీ స్పష్టంగా దొరుకుతాయి. ఇంత మంచి బొమ్మలు మాకు దొరికి ఉంటే ఇంకెన్ని విమానాలు చెక్కేవాళ్ళమో! అవి చేతిలో ఉండి కూడా డబ్బా కొనుక్కోవడమే నాకు మింగుడుపడదు. పొనికి కూడా దొరకడం కష్టమైపోయింది, కొండపల్లి వాళ్ళకే చాలడం లేదు. బళ్ళలో క్రాఫ్టు పీరియడ్ పేరు చెప్పి రంగు కాగితాలు అంటిస్తున్నారు. ఒక ఉలి, ఒక ఆకురాయి, చిన్న రంపం కొనడానికి ఏ బడికి డబ్బు లేదు?

సైన్సు ప్రదర్శనల్లో మార్కులేసే మాస్టర్లకి నా మాట ఒకటి. మెరిసే రంగు చూసి ఫస్టు ప్రైజు ఇవ్వకండి. విమానాన్ని తిరగేసి రెక్క ఒడలిని కలిసేచోట చూడండి. కుర్రాణ్ణి పిలిచి, మధ్యగీత ఎలా గీశావు, కోసిన ముక్కలు ఏం చేశావు అని అడగండి. చెప్పగలిగినవాడి బొమ్మ వంకరగా ఉన్నా సరే, ప్రైజు వాడికివ్వండి.