మాటుకో చీటీ

అమెరికాలో బాతుని కాల్చడం పెద్ద కష్టం కాదట. కాల్చడానికి కూర్చునే చోటు దొరకడమే గగనం. సొంత చెరువున్నవాడికీ, ప్రైవేటు క్లబ్బులో సభ్యత్వమున్నవాడికీ ఈ బెంగ లేదు. మిగతా జనానికి ప్రభుత్వ తడినేలలే దిక్కు. అక్కడ రెల్లు కప్పిన మాట్లు తక్కువ, తుపాకులు ఎక్కువ. సరుకు తక్కువై జనం ఎక్కువైతే సర్కారు ఏం చేస్తుందో మనకి ఒకరు చెప్పాలా? డిప్పు తీస్తుంది.

మిస్సోరీ రాష్ట్రం ఈ విద్యలో ఆరితేరింది. కొన్ని మాట్లకి సీజను మొదలవకముందే దరఖాస్తులు తీసుకుని డ్రా తీస్తారు. కొన్నింటిని సీజనులో వారం వారం డ్రా తీసి పంచుతారు. రెండింట్లోనూ తగలనివాడు తెల్లారకముందే వణుక్కుంటూ వచ్చి వరసలో నిలబడాలి. వేటగాళ్ళు దాన్ని పూర్ లైన్ అంటారు. ఆ పేదల వెంట పెద్ద ట్రక్కు, దానికి తగిలించిన పడవ, పడవలో బస్తాడు ప్లాస్టిక్ బాతులు, ముందు సీట్లో లాబ్రడార్ కుక్కగారు ఉంటారు. నంబరు బిళ్ల తీయాలి. ఒకటో నంబరు తగిలినవాడు మ్యాపు చూసి కోరుకున్న చోటు పట్టుకుపోతాడు.

తిరుమల ఆర్జిత సేవల డిప్పు చూసిన కళ్ళకి ఇదేం వింత కాదు. తేడా అల్లా, మిస్సోరీలో ఎమ్మెల్యే సిఫారసు లేఖ చెల్లదు. అందుకని తెలివి వేరే దారి చూసుకుంది. జట్టుకి నలుగురి దాకా ఉండొచ్చు. కొన్నిచోట్ల జట్టులో ప్రతివాడూ బిళ్ల తీస్తాడు, వాటిలో మెరుగైన నంబరే జట్టు నంబరు. దాంతో బావమరుదులకి ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. వాడికి గురి ఉందా అని అడిగేవాడు లేడు. చెయ్యి మంచిదేనా? లైసెన్సుందా? అయితే బండెక్కు.

టెనెసీ కథ ఇంకా రసవత్తరం. అక్కడ చాలా ఏళ్ళు ఆగస్టులో జనసమక్షంలో చీటీలు తీసి, గెలిచినవాడికి సీజను మొత్తానికీ మాటు రాసిచ్చేవారు. చీటీ వేసినవాడు స్వయంగా హాజరవ్వాలి. హాజరే ముఖ్యమన్నాక ఏం జరుగుతుంది? జనాన్ని తోలుకొస్తారు. డబ్బిచ్చి మనుషుల్ని తెచ్చారని, గెలిచిన మాట్లు చేతులు మారాయని ఫిర్యాదులు వచ్చాయి. ఈ విద్య మన బహిరంగ సభల సొంతమనుకుని ఇన్నాళ్ళూ మురిసిపోయాను. ఆఖరికి అక్కడ డ్రాని కంప్యూటరుకి అప్పగించేశారు.

నన్నడిగితే అసలైన నియమం ఇల్లినాయ్‌ది. చీటీ గెలిచినవాడు సొంత ఖర్చుతో, గడువులోగా మాటు కట్టుకోవాలి. తీరా వేట రోజున వేళకి రాకపోయాడో, దారినపోయేవాడెవడైనా అందులో దర్జాగా కూర్చోవచ్చు. మన శాసనసభ కుర్చీలకి ఒక్క సమావేశం పాటు దీన్ని అమలు చేసి చూడాలని ఉంది.

అన్నట్టు, 16 ఏళ్ళు నిండిన ప్రతి బాతు వేటగాడూ ఫెడరల్ డక్ స్టాంపు కొనాలి. 1934లో డాలరు, ఇప్పుడు 25. ఆ సొమ్ముతో తడినేలలు కొని కాపాడతారు. మొదటి స్టాంపు బొమ్మ గీసినవాడు ‘డింగ్’ డార్లింగ్ అనే పత్రికా కార్టూనిస్టు. రూజ్‌వెల్ట్ విధానాల మీద కుంచెతో విరుచుకుపడ్డ మనిషి. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఆయన్నే పిలిచి, వన్యప్రాణుల వ్యవహారాలు చూసే బయలాజికల్ సర్వేకి అధిపతిని చేసింది. మన దగ్గరైతే కార్టూనిస్టుకి ముందు నోటీసు వెళ్తుంది, ఆ తర్వాత పోలీసులు వెళ్తారు.

ఇన్ని డ్రాలు పెట్టినవాళ్ళు బాతుల అభిప్రాయం మాత్రం అడగలేదు. అవి వాటి ఏర్పాటు అవి చేసుకున్నాయి. ఈ వేట ప్రాంతాల్లో తుపాకీ తేగూడని నీళ్ళు కొన్ని విడిగా ఉంటాయి. పగలల్లా ఆ నీళ్ళలో కునుకు తీసి, చీకటి పడ్డాక మేతకి బయల్దేరతాయి. మిస్సోరీలో చాలాచోట్ల మధ్యాహ్నం ఒంటిగంటకే తుపాకీ దించేయాలి. కాబట్టి ఒకటో నంబరు బిళ్ల గెలిచినవాడి మాటు ముందుకి బాతులు తప్పకుండా వస్తాయి. వాడు, వాడి బావమరిది భోంచేసి పడుకున్నాక.