నలభై రెండు గేట్లూ ఒక్కసారే ఎత్తితే ఎట్ల సారూ

ముప్కాల్,
నిజామాబాద్ జిల్లా.

శ్రీయుత హైపోథలామస్ గారికి,
ఒంటివేడి నియంత్రణ అధికారి,
మెదడు కింది అంతస్తు.

విషయం: ముందుగా చెప్పకుండా చెమట గేట్లు ఎత్తుతున్నందుకు ఫిర్యాదు.

అయ్యా,

మీరు నా తలలో 47 ఏళ్లుగా కిరాయి లేకుండా కాపురముంటున్నారు. బాదంగింజంత ఆఫీసు, నాలుగు గ్రాముల బరువు. ఆకలి, దాహం, నిద్ర, ఒంటివేడి, అన్ని ఫైళ్లూ మీ బల్ల మీది నుంచే పోతాయని ఈ మధ్యే తెలిసింది. ఇన్నేళ్లూ మీ పేరు కూడా వినకుండా హాయిగా బతికాను. పేరు వినబడని అధికారే మంచి అధికారి. రెండేళ్లుగా మీ పేరు రోజుకు ఏడెనిమిది సార్లు తలుచుకుంటున్నాను.

గేట్ల సంగతి తెలియని ఊరు కాదు మాది. పక్కనే పోచంపాడు. 1963 జూలై 26న నెహ్రూ గారు పునాదిరాయి వేసిన శ్రీరాంసాగర్, 42 గేట్లు. పైనుంచి వరద వస్తోందంటే ఇంజనీర్లు మట్టం చూస్తారు, నిండుమట్టమైన 1091 అడుగులకు ఇంకా ఎంత ఉందో లెక్కేస్తారు, సైరన్ మోగిస్తారు, గొర్లకాపరులూ చేపలోళ్లూ గోదాట్లోకి దిగొద్దని చెప్పిస్తారు. గేటు ఎత్తడం ఆ తర్వాత. ఎగువన పక్క రాష్ట్రం కట్టిన బాబ్లీ బ్యారేజీ ఉంది. దానితో మాకు ఎంత తగాదా ఉన్నా, సుప్రీంకోర్టు 2013లో చెప్పినట్టు ఏటా జూలై 1న దాని గేట్లు తెరుస్తారని చిన్నపిల్లలకు కూడా తెలుసు. పక్క రాష్ట్రం వాళ్లే తారీఖు పాటిస్తుంటే, నా ఒంట్లో ఉండి, నా తిండి తింటూ మీకు తారీఖు లేదు, టైము లేదు, సైరన్ లేదు.

మొన్న ఫాల్గుణంలో మా చేనుకాడ పసుపు వండుతున్నాం. కొమ్ములు ఉడుకుతుంటే ఆ ఆవిరిలో నాలుగు గంటలు నిలబడ్డాను. చెమట పట్టింది. అది న్యాయమైన చెమట, తుడుచుకున్నాను. పని తెమిలి, వేపచెట్టు కింద కూర్చుని కుండనీళ్లు గ్లాసులో వంచుకున్నానో లేదో, అప్పుడు మొదలుపెట్టారు మీరు. రొమ్ముల నడుమ నుంచి ఒక సెగ లేచి మెడకు పాకింది, చెవులు కాలాయి, మాడు మీద నిప్పుకణిక పెట్టినట్టయింది. గుండె దడదడ. రవికె వీపుకు అతుక్కుపోయింది. మూడు నిమిషాలు కాలేదు, అంతలోనే చలి. మా ఆడబిడ్డ చూసి, "పొయ్యికాడ కంటే చెట్టుకింద ఎక్కువ చెమటేంది వదినె?" అంది. ఏం చెప్పమంటారు? పసుపుకైతే ఉడికిందో లేదో పుల్ల గుచ్చి చూస్తారు. నన్ను ఎవరు గుచ్చి చూస్తారు?

ఇక రాత్రులు. పుష్యమాసంలో ఊరంతా రెండేసి చెద్దర్లు కప్పుకుంటే నేను ఫ్యాను ఐదులో పెట్టాను. మా ఆయన మంకీ టోపీతో పడుకున్నాడు. అర్ధరాత్రి ఆయన లేచి ఆపుతాడు, నేను లేచి వేస్తాను. మాటామాటా లేదు. ముప్ఫై ఏళ్ల కాపురంలో మేం ఇంత నిశ్శబ్దంగా ఎన్నడూ కొట్లాడుకోలేదు.

తప్పు మొత్తం మీది కాదని కూడా తెలుసుకున్నాను. ఈస్ట్రోజన్ అని మీ కింద ఏళ్లుగా నమ్మకంగా పనిచేసిన క్లర్కమ్మ ఉంది. అండాశయాల సెక్షను. నలభై దాటాక ఆమె హాజరు సక్రమంగా లేదు. ఒకరోజు పొద్దున్నే వస్తుంది, పది రోజులు కనబడదు. ఆమె లేనప్పుడు మీకు వేడి లెక్క తప్పుతోంది. ఒళ్లు రవ్వంత, అర డిగ్రీ కూడా కాదు, వెచ్చబడితే చాలు, ఊరు మునుగుతోందని గేట్లన్నీ లేపుతున్నారు. నెలసరి కూడా అంతే. బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి 2015 డిసెంబరులో ఒక్కసారే లే ఆఫ్ కాగితం అంటించారు. మాకు అంత స్పష్టమైన కాగితం ఉండదు. రెండు నెలలు లే ఆఫ్, మూడో నెల డబల్ డ్యూటీ. వరుసగా 12 నెలలు రాకపోతేనే ముట్లు ఆగినట్టు లెక్కట. అప్పటిదాకా సాగే ఈ దోబూచులాటకు పెరిమెనోపాజ్ అని పేరు. మా అత్తమ్మ కాలంలో దీనికి పేరు లేదు. "దానికి కోపమెక్కువ" అనేవాళ్లు, అంతే.

నా అసలు మనవి ఇక్కడుంది. చెమటలూ నిద్రలేమీ చెప్పుకుందామని ఒక ప్రైవేటు దవాఖానకు పోయాను. అక్కడ ముట్ల తారీఖులు అడగలేదు, రక్తం ఎంత పోతోందో అడగలేదు. "పిల్లల పెళ్లిళ్లయినాయి కదా, ఇంక ఆ గర్భసంచి ఎందుకమ్మా, తీసేస్తే పీడ పోతుంది" అన్నారు. ఇదెక్కడి న్యాయం సారూ? ఫిర్యాదు కలెక్టరేటు మీద, కూలగొట్టేది గ్రామపంచాయతీ ఆఫీసు! ఆఫీసు మీది పైన ఉంది. సంచి తీస్తే మీ గేట్లు ఎట్లా ఆగుతాయి? దానితో పాటు అండాశయాలూ తీశారంటే క్లర్కమ్మ ఒక్క పూటలో మాయం. అప్పుడు మీ వీరంగం ఇంకా ఎక్కువ. గడ్డలో, క్యాన్సరో, మందులకు లొంగని రక్తస్రావమో ఉంటే తీయాల్సిందే, ఆ వాదన నాకు లేదు. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేస్తే, తెలంగాణలో ఎనిమిది మందికి తీసేశారు. బాబ్లీ గేట్ల మీద తీర్పు చెప్పిన ఆ సుప్రీంకోర్టే 2023 ఏప్రిల్‌లో, అక్కర లేని ఇలాంటి ఆపరేషన్ల మీద కన్నేసి ఉంచమని రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది.

సంచి నా దగ్గరే ఉంది. మీతో రాజీకి నా వైపు నుంచి నేను దిగాను.

ముందు ఛాయ. బీడీలు చుట్టడానికి చాట ముందు కూర్చుంటే రోజుకు ఆరు ఛాయలు తాగేదాన్ని. వేడివేడి గ్లాసు పెదవికి తగలగానే మీరు గేటు మీద చెయ్యేస్తున్నారని క్యాలెండర్‌లో రాసుకుంటే తెలిసింది. పాలలెక్క పక్కనే, ముట్టయితే ఎర్రచుక్క, సెగ వస్తే ఒక గీత. సాయంత్రం నాలుగు తర్వాత ఛాయ మానేశాను. మొదటి వారం తల పగిలింది, కంపెనీకిచ్చే కట్టల్లో లెక్క తప్పింది. తర్వాత గీతలు తగ్గాయి. రాత్రి కారం కూర పొద్దటికి మార్చాను. తిండి ఏడున్నరకే. కిటికీ పక్కన నూలు చీర, తడి తువ్వాలు, చెంబుడు నీళ్లు. ఫ్యానును నా మంచం వైపు తిప్పి, ఆయన మంచం గోడకు జరిపాం. ఇది ముప్ఫై ఏళ్ల కిందటే చేయాల్సిన పని.

వంద బీడీలకోసారి లేచి నడుస్తున్నాను. పొద్దున హైవే దాకా వేగంగా నడక, వారంలో మూడు రోజులు గోడకు ఆనుకుని గుంజీలు, రెండు చేతుల్లో రెండు నీళ్ల బిందెలు. నడకతో సెగలు ఆగలేదు, అబద్ధం ఎందుకు. నిద్ర పట్టింది, మోకాళ్లు నా మాట వింటున్నాయి. క్లర్కమ్మ పోయాక ఎముకలు కూడా గుల్లబారతాయి కనుక జొన్నరొట్టె, పెరుగు, నువ్వులపొడి, రోజుకొక గుడ్డు. గుడ్డు నా పళ్లెంలోకి రావడమే పెద్ద పోరాటం. మా ఇంట్లో గుడ్డు మగవాళ్ల వైపు దొర్లుతుంది. సెగ మొదలైనప్పుడు చాట పక్కన పెట్టి నెమ్మదిగా ఊపిరి వదులుతాను. మీరు దిగుతారో లేదో గానీ, నా భయం దిగుతుంది.

వీటన్నిటికీ లొంగకపోతే మందులున్నాయి, హార్మోన్ చికిత్స ఉంది. అది ఎవరికి సరిపోతుందో చూసి చెప్పే డాక్టరు కావాలి. 2023 మార్చి 8న రాష్ట్రం ఆరోగ్య మహిళ అని మంగళవారం క్లినిక్కులు మొదలుపెట్టినప్పుడు, ఎనిమిది రకాల సేవల్లో మెనోపాజ్ కూడా రాశారు. ఆ మాట మా బీడీ కార్ఖానా గోడ దాకా రాలేదు. 2019లో పసుపు కోసం మా రైతులు ఎంపీ ఎన్నికలో నిలబడితే అభ్యర్థులు 185 మంది అయ్యారు, పసుపుకు బోర్డు వచ్చింది. పసుపు వండే ఆడదాని చెమటకు ఏ బోర్డూ అడగడం లేదు. కార్ఖానా గోడకు ఒక కాగితం అంటిస్తే చాలు: సెగలు రోగం కాదు, పన్నెండు నెలలు ఆగాక మళ్లీ చుక్క కనబడితే మాత్రం ఆ వారమే దవాఖానకు పో.

మిమ్మల్ని బదిలీ చేయమని నేను కోరను. మీ స్థానంలోకి వచ్చేవాళ్లు ఎవరూ లేరు. గేట్లు ఎత్తండి, కాదనను. ఒకటొకటిగా ఎత్తండి. పెళ్లి పందిట్లో పట్టుచీరలో ఉన్నప్పుడు కాసేపు ఓపిక పట్టండి.

ఇట్లు,
మీ ఇంటి ఓనరమ్మ

ప్రతులు:
గర్భసంచి గారికి, ధైర్యం నిమిత్తం.
మా ఆయనకు, ఫ్యాను స్విచ్చు ముట్టుకోరాదని ఉత్తర్వు నిమిత్తం.