పాట నాలో, పట్టా వేరేచోట

నేను క్యాసెట్‌ను. ప్రస్తుతం ఒక మీడియా కాలేజీ లెక్చరర్ గారి టేబుల్ సొరుగులో కాపురం. మ్యూజిక్ బిజినెస్ పాఠం వచ్చినప్పుడు నన్ను బయటికి తీసి బెంచీల మీదుగా తిప్పుతారు. ఒకసారి ఒక అబ్బాయి నన్ను అటూ ఇటూ చూసి, “ఇందులో ఎన్ని జీబీ పడతాయి సార్?” అన్నాడు. అరవై నిమిషాలు పడతాయి నాయనా. దాదాపు 90 మీటర్ల టేపు, సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. ముప్పై నిమిషాలయ్యాక నన్ను తిరగేసి పెట్టుకోవాలి.

మా వంశం 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో జనం ముందుకొచ్చింది. ఫిలిప్స్‌లో పనిచేసిన లూ ఓటెన్స్ అనే డచ్ ఇంజనీరు బృందం మమ్మల్ని రూపొందించింది. తర్వాత ఆ కంపెనీ మా కొలతలను మిగతా తయారీదారులకు రుసుము లేకుండా వాడుకోనిచ్చింది. అందుకే జపాన్ టేప్‌రికార్డర్‌లోనూ, ఢిల్లీలో బిగించిన టూ-ఇన్-వన్‌లోనూ నేను ఒకేలా పాడాను. కొలత అందరిదీ అయితే సరుకు ఎంత దూరం పోతుందో చెప్పడానికి నాకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

నేను పుట్టింది 1990ల మొదట్లో. ఏ వైపు ఒక సినిమా, బీ వైపు ఇంకో సినిమా. జనం ఏ వైపు కోసం కొన్నారు, బీ వైపు దానితోపాటు ఇంటికి వెళ్లింది. ఆ బీ వైపు హీరో గారికి నేను చేసిన ప్రచారం ఎవరి లెక్కల్లోనూ లేదు.

నా డబ్బాలో మడతపెట్టిన కాగితం ఒకటుంది. అందరూ హీరో బొమ్మ దగ్గరే ఆగిపోతారు గానీ, అసలు పాఠం అట్టడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. వృత్తంలో ‘పి’, వృత్తంలో ‘సి’ అని రెండు గుర్తులు. ‘పి’ అంటే రికార్డింగు మీద హక్కు. ‘సి’ ఆ కాగితం మీది బొమ్మకీ రాతకీ. మరి పాట రాసిన కవిగారి సాహిత్యం, సంగీత దర్శకుడి బాణీ? అవి రెండూ రికార్డింగుతో సంబంధం లేని వేరే ఆస్తులు. మన చట్టంలో రికార్డింగు హక్కు అది బయటికొచ్చాక 60 ఏళ్లుంటుంది. రాసినవారి, బాణీ కట్టినవారి హక్కు వాళ్లు పోయాక మరో 60 ఏళ్లుంటుంది. ఒక్క పాట, మూడు పట్టాలు. ఈ ముక్క బుర్రకెక్కకుండా మ్యూజిక్ బిజినెస్ గురించి వ్యాసాలు రాసేవాళ్లను చాలామందిని చూశాను.

పట్టాలు వేరు కాబట్టే వెర్షన్ పాటలు పుట్టాయి. మా వంశం రాకముందు ఈ దేశంలో పాట అంటే చాలావరకు గ్రామఫోన్ కంపెనీయే, కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీయే. రికార్డు ఖరీదు, ప్లేయర్ ఇంకా ఖరీదు. 1980ల్లో క్యాసెట్ చవకయ్యేసరికి ఢిల్లీ దరియాగంజ్‌లో పండ్లరసం దుకాణం నుంచి వచ్చిన గుల్షన్ కుమార్ పాత బాణీలను కొత్త గొంతులతో మళ్లీ పాడించి టీ-సిరీస్ పేరుతో అమ్మాడు. నోటీసు ఇచ్చి రాయల్టీ కడితే చట్టం అడ్డుచెప్పలేదు. పెద్ద కంపెనీలు కన్నెత్తి చూడని గొంతులు కూడా మా మీదే ఊళ్లు తిరిగాయి. ప్రజాగాయకుడు గద్దర్ పాట పల్లెపల్లెకీ చేరడంలో మావాళ్ల చెయ్యి ఉంది.

కాపీల సంగతి కూడా చెప్పాలి, దాచి లాభం లేదు. నా వీపున అంచులో రెండు చిన్న గుంటలున్నాయి. ఖాళీ క్యాసెట్‌కి అక్కడ ప్లాస్టిక్ పలుకులుంటాయి. అవి విరిచేస్తే ఇక దానిమీద రికార్డు కాదు. కంపెనీ నన్ను ఆ పలుకులు లేకుండానే పంపింది. కోట్ల రూపాయల పాటల వ్యాపారానికి అదొక్కటే తాళం! నన్ను కొన్న ఇంట్లో ఆ గుంటల మీద సెల్లోటేప్ ముక్క అతికించి, మూడో పాట మీద చిన్నపిల్ల చేత “చిట్టి చిలకమ్మ” చెప్పించారు. ఇప్పటికీ పల్లవి మధ్యలో ఆ పిల్ల దగ్గు వినిపిస్తుంది. ఇక బజారులో రికార్డింగ్ షాపులైతే, పాటల చీటీ, ఖాళీ క్యాసెట్ ఇస్తే సాయంత్రానికి నింపిచ్చేవి. అందులో కవికి పైసా రాలేదు.

అసలు క్యాసెట్ కొన్నా కవికి వచ్చేది తక్కువే లెండి. నిర్మాత ఒకేసారి డబ్బిచ్చి పాట రాయించుకునేవాడు. ఆడియో రైట్స్ గంపగుత్తగా కంపెనీకి అమ్మేవాడు. డబ్బు తీసుకుని సినిమాకి పనిచేస్తే, ఒప్పందంలో వేరేగా లేనంతవరకు మొదటి హక్కుదారు నిర్మాతేనని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. 2012లో చట్టం మారింది. హాల్లో సినిమాతోపాటు వినిపించడం మినహా మిగతా వాడకాలన్నిటి మీదా రచయితకీ సంగీత దర్శకుడికీ రాయల్టీలో హక్కు కొన్నవారితో సమానంగా వాటా. ఆ వాటాను వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఎవరికీ రాసివ్వడానికి వీల్లేదు. నా మట్టుకు నాకు, మా తర్వాత వచ్చిన సీడీ, ఎంపీ3, ఐపాడ్ అన్నిటికన్నా ఈ సవరణే పెద్ద మార్పు.

ఇప్పుడు అందరూ స్ట్రీమింగ్ అంటున్నారు. ఆడియో ఫంక్షన్లో ముఖ్య అతిథి చేతికి అందించే తొలి క్యాసెట్ పోయింది. లిరికల్ వీడియోలు, ప్రీ-రిలీజ్ ఈవెంట్ వచ్చాయి. డబ్బు లెక్కా మారింది. నన్ను కొంటే ఆ డబ్బు నాలోని పాటలకే. స్ట్రీమింగ్‌లో చాలాచోట్ల అందరి చందాలూ ప్రకటనల ఆదాయమూ ఒకే రాశి పోసి, మొత్తం వినికిళ్లలో ఏ పాట వాటా ఎంతో చూసి పంచుతారు. మీరు నెలంతా అన్నమయ్య కీర్తనలే విన్నా మీ చందాలో ఎక్కువ భాగం ఆ నెల ఊపేసిన పాటలకే పోవచ్చు. స్పాటిఫైలో 30 సెకన్లు దాటితేనే విన్నట్టు లెక్క. ఇప్పటి పాటల్లో ముందు సంగీతం కురచైపోయిందని విసుక్కునేవాళ్లు ఈ నిబంధనను కూడా ఒకసారి చూడాలి.

ఈ లెక్కలో ఏ పాట ఏదో గుర్తుపట్టడానికి రికార్డింగుకి ఐఎస్ఆర్‌సీ అని 12 అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తు ఇస్తారు. నా కాగితం మీద గాయని పేరు తప్పుపడితే ఆవిడ నొచ్చుకుని ఊరుకుంది. ఈ రోజుల్లో వివరాలు తప్పుపడితే వాటా సొమ్ము దారి తప్పుతుంది.

కాబట్టి బాబూ, అమ్మాయీ, రేపు మీరు షార్ట్ ఫిల్మ్ తీస్తారు, రూమ్మేట్ ఒక పాట కట్టిపెడతాడు. అప్‌లోడ్ చేసే ముందే ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, ఎవరు పాడారు, రికార్డింగు ఎవరిది, ఎవరి వాటా ఎంత అన్నది ఒక కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టండి. రాసినవాళ్లనూ బాణీ కట్టినవాళ్లనూ, వాళ్ల రాయల్టీ వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీ ఐపీఆర్ఎస్‌లో సభ్యులుగా చేరమనండి.