నొక్కితే మాట, వదిలితే చెవి

నా పెట్టె మీద "35 మైళ్ల వరకు" అని పెద్దక్షరాలతో అచ్చేశారు. ఆ మాట నేను చెప్పింది కాదు. ఒకడు కొండకొమ్మున, ఇంకొకడు దిగువ లోయలో నిలబడి, మధ్యలో చెట్టూ గోడా ఏదీ లేకపోతే ఎప్పుడైనా నిజం కావచ్చు. నేనుండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, ఇళ్ల మధ్య. ఇక్కడ ఒక మైలు అవతల నా గొంతు వినబడిందంటే ఆ పూట నా జాతకం బాగున్నట్టే. 462 మెగాహెర్ట్జ్ దగ్గర నడిచే అలలు నావి. చూపు సాగినంత మేర సాగుతాయి, గుట్ట అడ్డొస్తే అక్కడే ఆగిపోతాయి. నన్ను ఊరి పక్కనున్న మిషన్ పీక్ కొండ మీదికి తీసుకెళ్తే పెట్టె మీది రాతకి కాస్త దగ్గరగా పనిచేస్తానేమో. కానీ భూకంపం వచ్చిన రోజున కొండెక్కి నుంచునేదెవరు?

నేను వాకీటాకీని. జత వెల 50 డాలర్లకు అటూ ఇటూ. మా వంశం మాత్రం చిన్నదేం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు వీపున మోసిన ఎస్‌సీఆర్-300 ముప్పై పౌండ్ల పైచిలుకు. చేత్తో పట్టుకున్న ఎస్‌సీఆర్-536 ఐదు పౌండ్లు. నేను చొక్కా జేబులో పడతాను. 1996లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ మామూలు కుటుంబాల కోసం ఫ్యామిలీ రేడియో సర్వీస్ పెట్టింది. లైసెన్సు అక్కర్లేదు. 2017లో నిబంధనలు మార్చాక నాకు 22 ఛానళ్లు దక్కాయి. చాలా వాటి మీద రెండు వాట్లు, 8 నుంచి 14 దాకా మాత్రం అర వాటే.

నన్ను కొన్నది ఈ ఇంటి కోడలు. ఊరి మధ్య నుంచే హేవార్డ్ ఫాల్ట్ అనే భూమి పగులు పోతుందని ఆమెకి తెలుసు. 1868లో అది కదిలి భూకంపం వచ్చిన సంగతీ తెలుసు. 2014 నుంచి 2043 లోపల మా ఊరున్న బే ఏరియాలో 6.7 లేదా అంతకు మించిన భూకంపం రావడానికి 72 శాతం అవకాశం ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు వేసిన లెక్కనీ ఆమె చదివింది. అయినా ఆమెను కదిలించింది ఆ అంకెలు కావు, 2019 అక్టోబరు. కార్చిచ్చు భయంతో కరెంటు ఆపేసిన ఆ రోజుల్లో, ఉత్తరాన మారిన్ కౌంటీలో సగానికి పైగా సెల్ టవర్లు పనిచేయలేదు. టవర్‌కీ బ్యాటరీ ఉంటుంది, దానికీ ఓ హద్దుంటుంది.

వీధిలోవాళ్లకీ కలిపి నాలుగు జతలు తెప్పించి డైనింగ్ టేబుల్ మీద పరిచింది. విశాఖ నుంచి వచ్చి ఆర్నెల్లుండే మామగారు కళ్లజోడు సర్దుకుని నన్ను చేతిలోకి తీసుకున్నారు.

"మావయ్యగారూ, మీరు పోర్టులో చేశారు కదా, వీటి సంగతి మీకు తెలిసే ఉంటుంది."

"తెలియకేంటమ్మా, టగ్గు మీద ఉన్నన్నాళ్లూ వీటితోనే కాపరం. సముద్రం మీద అందరూ పదహారో ఛానల్ విని తీరాలి. ఆపదొచ్చినా అక్కడే, పలకరింపైనా అక్కడే. మరి ఇక్కడ మీ పదహారేది?"

కోడలి దగ్గర జవాబు లేదు. ఆమె అప్పటికే ఓ పెద్ద పత్రం తయారుచేసింది. అందులో వీధి మ్యాపు, ఇళ్ల పట్టిక, గ్యాస్ కట్టేసే రెంచి ఎవరి దగ్గరుందో అన్నీ ఉన్నాయి. అందరూ ఏ ఛానల్ వినాలన్నది మాత్రం లేదు. నన్నడిగితే, వాట్ల కంటే ముందు తేలాల్సింది ఇదే. ఆ సాయంత్రమే తేల్చారు. వీధికి మూడో ఛానల్, కోడ్ సున్నా.

ఆ సున్నా గురించి కాస్త చెప్పాలి. నాలో "ప్రైవసీ కోడ్లు" అని కొన్ని ఉంటాయి. అవి పెట్టుకుంటే తమ మాట ఇంకెవరికీ వినబడదని జనం నమ్ముతారు. శుద్ధ అబద్ధం. కోడ్ పెట్టుకున్నవాడి చెవి మిగతావాళ్లకి మూసుకుంటుందంతే. వాడి మాట మాత్రం కోడ్ లేని ప్రతి సెట్టులోనూ వినిపిస్తుంది. ఇల్లు కూలినవాడు కంగారులో ఏ సెట్టు అందుకుంటాడో, అందులో ఏ కోడ్ ఉందో ఎవరికెరుక? అందుకే సున్నా. రహస్యాలకి నేను పనికిరాను.

వీధి చివర మలుపు తిరిగాక నేల పల్లమవుతుంది. అక్కడి రెండిళ్లకి నా గొంతు చేరలేదు. వాలు మీద ఇల్లున్న ఫిలిప్పీన్స్ నర్సు తన మేడగదిలో ఓ సెట్టు పెట్టుకుని, పైనుంచి విన్నది కిందికి, కింద విన్నది పైకి అందిస్తానంది. ఆమె కోసం కోడలు ఇంకో రకం సెట్టు చూసింది. ఐదు వాట్లది, జీఎంఆర్‌ఎస్ కోవది. మా అన్నలాంటిది, మాతో అదే ఛానళ్ల మీద మాట్లాడుతుంది. దానికి లైసెన్సు కావాలి, పరీక్ష లేదు. 18 ఏళ్లు నిండితే చాలు, రుసుము 35 డాలర్లు, పదేళ్లు చెల్లుతుంది. 2022 ఏప్రిల్ దాకా ఆ రుసుము 70. (35 మైళ్లు అబద్ధమైనా 35 డాలర్లు నిజం.) నర్సు తన పేరున ఒకటి తీసుకుంది, కోడలూ ఒకటి తీసుకుంది. ఒకరి లైసెన్సు మీద ఇంట్లోవాళ్లంతా మాట్లాడొచ్చట. ఆ జాబితాలో తాతలు, మేనత్తలు, మేనమామలు, మేనల్లుళ్లతో పాటు వియ్యాలవారి తరఫు వాళ్లూ ఉన్నారు. అమెరికా ప్రభుత్వ కాగితంలో ఇంత ఉమ్మడి కుటుంబం ఉంటుందని మామగారు అనుకోలేదు. ఆయన తెలుగులోనూ మాట్లాడొచ్చు, లైసెన్సుతో ఇచ్చే గుర్తింపు పేరు, కాల్ సైన్, మాత్రం ఇంగ్లీషులోనే చెప్పాలి.

కోడలు కాగితం రాస్తే, మనుషులకి మాట నేర్పింది మామగారు. ప్రతి ఆదివారం సాయంత్రం ఏడింటికి హాజరు పిలుస్తారు. ఇంటి నంబరు వరసన ఒక్కొక్కరూ పలకాలి. నొక్కగానే మాట్లాడకండి, ఒక్క క్షణం ఆగండి, లేదంటే మొదటి మాట గాల్లో కలుస్తుంది. నోటికి ఆనించకండి, బెత్తెడు దూరం ఉంచండి. యాంటెన్నా నిటారుగా ఉండాలి. కిటికీ దగ్గరికి రండి. చెప్పాల్సింది ముందు మనసులో అనుకుని, రెండు ముక్కల్లో చెప్పి వదిలేయండి. వదలకపోతే అవతలివాడి మాట మీకు రాదు. ఇద్దరు ఒకేసారి నొక్కితే ఇద్దరివీ పోతాయి.

ఈ చివరి పాఠం దగ్గరే అందరికీ కష్టమైంది. ఫోనులో ఒకరి మాట మీద ఇంకొకరు మాట్లాడటం అలవాటైన ప్రాణాలు! ఒక ఆదివారం ఎవరింట్లోనో సెట్టు సోఫా సందులో ఇరుక్కుని బటన్ నొక్కుకుపోయింది. భార్యాభర్తలు పన్నుల లెక్కల మీద పోట్లాడుకోవడం వీధంతా విన్నది. ఛానల్ ఖాళీ కాలేదు, హాజరు సాగలేదు. చివరికి ఒక కుర్రాడు వెళ్లి తలుపు కొట్టి చెప్పొచ్చాడు. మరుసటి వారం నుంచి మా సెట్లకి గోడ మీద కొక్కేలు అమిరాయి.

అందరికీ ఇంత ఓపిక ఎందుకుండాలని ఒకాయన విసుక్కున్నప్పుడు మామగారు తన అనుభవం చెప్పారు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన రోజు. విమానాశ్రయం కప్పు లేచిపోయింది, కరెంటు స్తంభాలు ఒరిగాయి, ఫోన్లు మూగబోయాయి. రెండు వీధుల అవతల ఒంటరిగా ఉండే అక్కగారి క్షేమం తెలుసుకోవడానికి ఆయన కూలిన చెట్ల కింద నుంచి దూరుకుంటూ వెళ్లారు. పోయి రావడానికి పూటంతా పట్టింది. ఆవిడ కులాసాగానే ఉంది. నేను విన్నది ఒక్కటే: ఆ దూరం అర మైలు ఉండదు. సరిగ్గా నేను అందుకోగల దూరం.

ఊరు దాటి, సముద్రం దాటి కబురు పంపడం మా పెద్దల పని. 2004 డిసెంబరులో హామ్ రేడియో ప్రసారాల కోసం పోర్ట్ బ్లెయిర్ వెళ్లిన భారతీ ప్రసాద్ సునామీ వచ్చిన రోజున అక్కడే ఉండి, అండమాన్ కబుర్లు బయటికి అందించారు. ఆ స్థాయికి నేను చాలను. మా వీధిలో ఒక కాలేజీ అమ్మాయి హామ్ పరీక్ష రాసింది. 35 ప్రశ్నల్లో 26 సరిగ్గా రాస్తే తొలి మెట్టు లైసెన్సు వస్తుంది. మేం పోగుచేసిన కబురును ఊళ్లోని వాలంటీర్లకి చేర్చే పని ఆమెది. నేను నేరుగా అత్యవసర నంబరు 911ని పిలవలేను. మా మూడో ఛానల్‌ను ఫైరింజన్ వాళ్లెవరూ వింటూ ఉండరు. ఇది తెలియక నన్ను కొని నిశ్చింతగా పడుకునేవాళ్లని చూస్తే నాకు భయం.

ఒక చలికాలం గాలివానకి రాత్రంతా కరెంటు లేదు, సెల్ సిగ్నల్ వచ్చీ పోయీ ఆడింది. బ్యాటరీ మిగలాలని మామగారు ముందే నియమం పెట్టారు. గంట కొట్టగానే పది నిమిషాలు వినాలి, తర్వాత కట్టేయాలి. తొమ్మిదింటి హాజరులో పల్లపు ఇంటి ముసలాయన పలికాడు. ఆక్సిజన్ యంత్రం ఆగిపోయింది, సిలిండర్ ఇంకెంతో సేపు రాదు. నర్సు ఆ మాట పైకి అందించింది. క్యాంపింగుకని కొన్న పెద్ద బ్యాటరీని ఎదురింటి కుర్రాళ్లు మోసుకెళ్లారు. పదింటి హాజరులో ముసలాయనే పలికి గుజరాతీ ఇంటివాళ్లు పంపిన టీ బాగుందన్నాడు. అంతే జరిగింది. ఇందులో నా గొప్పేం లేదు, ఆయనకి బటన్ నొక్కడం ముందే వచ్చు.

మామగారు తిరుగు ప్రయాణంలో ఓ జతని సూట్‌కేసులో పెట్టుకోబోయారు.

"వద్దు మావయ్యగారూ, ఇవి అక్కడ చెల్లవు" అంది కోడలు.

నిజమే. ఇండియాలో లైసెన్సు లేకుండా తక్కువ శక్తితో వాడుకోనిచ్చిన బ్యాండు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్, నాది వేరు. నాలాంటివి అక్కడ మోగితే ఇంకెవరి కబురుకో అడ్డుపడతాయి. ఏది పడితే అది ఆన్‌లైన్‌లో అమ్మకుండా 2025లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలూ తెచ్చింది. కొనేటప్పుడు ఫ్రీక్వెన్సీ చూడండి, పరికరానికి అక్కడి ఆమోదం ఉందో లేదో అడగండి. ఆయన ఊరెళ్లి ఆ బ్యాండు సెట్లే కొన్నారు, ఒకటి అక్కగారింట్లో పెట్టారు.

మా జాతిలో చాలామంది భూకంపానికీ తుపానుకీ చావరు, డ్రాయరులో చస్తారు. మర్చిపోయిన ఆల్కలైన్ బ్యాటరీ కారి లోపలి స్ప్రింగుల్ని తినేస్తుంది. మీ ఇంట్లో నా తోబుట్టువులెవరైనా అలా పడి ఉంటే ఇవాళే బ్యాటరీలు బయటికి తీసి, కొత్తవి పక్కన కవరులో పెట్టి, ఏ ఛానల్ వినాలో సెట్టు వీపు మీద రాయండి. రెండో సెట్టు పక్కింటివాళ్లకివ్వండి.