జ్ఞానదంతం ఖర్చు పెంచుకోవడం ఎలా?

జ్ఞానదంతం పీకించుకోవడానికి ఎంతవుతుందనేది డాక్టరు చేతిలో ఉంటుందని చాలామంది అనుకుంటారు. కాదు. అది పూర్తిగా రోగి చేతిలోనే ఉంది. కాస్త ఓపిక, పదిమంది మాటా వినే మంచితనం, ఏ పనైనా రేపటికి నెట్టే అలవాటు ఉంటే చాలు. ఎర్రగొండపాలెంలోనో మార్కాపురంలోనో తేలిపోయే పంటిని గుంటూరు మీదుగా హైదరాబాదు దాకా ఊరేగించవచ్చు. మా పుల్లలచెరువు వాళ్లకు డబ్బు ఖర్చుపెట్టడం చేతకాదని ఎవరూ అనకూడదు కాబట్టి, పద్ధతి వివరంగా చెబుతాను.

ముందుగా శత్రువును తెలుసుకోండి. ఈ పళ్లు సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య వస్తాయి. అన్నిటికంటే ఆఖరున వస్తాయి గనుక దవడలో వాటికి చోటు మిగలదు. ముఖ్యంగా కింది దవడలో, సగం బయటికొచ్చి సగం చిగురు కిందే ఉండిపోయి, ముందున్న పంటి మీదికి ఒరుగుతాయి. ఆ చిగురు మడతలో అన్నం మెతుకో కందిబద్దో ఇరుక్కుంటుంది. బ్రష్షు అక్కడికి పోదు, వేపపుల్ల అసలే పోదు. నాలుగు రోజులకు చిగురు వాచి, చీము పట్టి, బుగ్గ ఉబ్బి, ముద్ద పెట్టుకుందామంటే నోరు తెరుచుకోదు. ఈ దశలో పళ్ల డాక్టరు దగ్గరికి వెళితే చిగురు కడిగి, మందులిచ్చి, వాపు తగ్గాక రమ్మని, ఎక్స్‌రే చూసి తీసేస్తాడు. కథ చవగ్గా ముగుస్తుంది. కాబట్టి వెళ్లకండి.

వంటింట్లో లవంగం ఉంది కదా. లవంగ నూనెలో ఉండే యూజినాల్ నిజంగానే తిమ్మిరెక్కిస్తుంది, దాన్ని పళ్ల డాక్టర్లు కూడా వాడతారు. మన పనికి దానంత మంచి మందు లేదు: నొప్పిని కప్పెడుతుంది, చీము జోలికి పోదు. నొప్పి తగ్గింది కాబట్టి రోగం తగ్గిందని ఇంటిల్లిపాదీ తీర్మానించుకోవచ్చు. లవంగం చాలనివాళ్లకు పొగాకు కాడ ఉంది, పెట్రోల్లో తడిపిన దూది ఉంది. పెట్రోలు చిగురును కాలుస్తుంది. అప్పుడు ఒక జబ్బు రెండవుతుంది, మన లెక్కకు అదీ లాభమే.

తర్వాత ఆర్ఎంపీ అన్న. "ఏం లేదులే అన్నా, వేడి చేసింది" అని ఒక సూది వేసి, మూడు రోజుల మాత్రలు పొట్లం కట్టి ఇస్తాడు. ఒక్క రోజుకే తగ్గిందనిపిస్తుంది. మిగిలిన మాత్రలు మళ్లీ నొప్పొచ్చినప్పటికి అలమారలో దాచిపెట్టండి. నెలా రెండు నెలలకు మళ్లీ వాస్తుంది, మళ్లీ సూది, మళ్లీ పొట్లం. ప్రతిసారీ వంద, నూటయాభై. ఈ ఖర్చు మాత్రం ఎక్కడా రాయొద్దు. రాస్తే కూడిక కనబడుతుంది, కూడిక కనబడితే మనిషికి బుద్ధొస్తుంది, బుద్ధొస్తే మనం చెప్పుకుంటున్న పద్ధతంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

వాయిదాకు ఈ ప్రాంతంలో కారణాలకు కరువు లేదు. మిర్చి కోతలున్నాయి. పత్తి తీతలున్నాయి. కాయలు అమ్మాక చూద్దాం, పాపాయి పుట్టువెంట్రుకలయ్యాక చూద్దాం, తిరునాళ్ల వెళ్లాక చూద్దాం. దవడ పట్టుకుని పడుకున్న రోజుల కూలీ పోయిందే అని ఎవరైనా అంటే వినిపించుకోవద్దు. అది జేబులోంచి తీసిచ్చిన డబ్బు కాదు కదా.

ఇంకా పెద్ద కారణం నీళ్లు. పడమటి ప్రకాశంలో పంటికి ఏమొచ్చినా ఫ్లోరైడు మీదికి నెట్టేయవచ్చు, ఎదుటివాడు నోరెత్తడు. ఎత్తలేడు కూడా. ఎముకల్ని పట్టే ఫ్లోరోసిస్ గురించి 1937లోనే వైద్య పత్రికలో రాశారు, అదీ అప్పటి నెల్లూరు జిల్లా రోగుల్ని చూసి. మన పొరుగునున్న పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు ఆ జిల్లావే, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక ఇటు కలిశాయి. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదనే ఫ్లోరైడు ఇక్కడి బోర్లలో ఎంతుందని అడిగితే ముందు మన పిల్లల పళ్లే జవాబు చెబుతాయి. ఇదంతా నిజమైన బాధ, ఇందులో వెటకారానికి చోటు లేదు. కానీ ఫ్లోరైడు పంటి మీద మచ్చలు పెడుతుంది గాని పన్నును అడ్డంగా పడుకోబెట్టదు. ఈ సంగతి మాత్రం పైకి అనకండి, మంచి సాకు చేజారిపోతుంది.

ఎట్టకేలకు పీకించుకోక తప్పదని తేలాక, ప్రభుత్వ ఆసుపత్రి పేరెత్తొద్దు. ఏరియా ఆసుపత్రి స్థాయిలో పళ్ల డాక్టరు పోస్టు ఉంటుందని, విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉందని, అక్కడ రోజూ ఇలాంటి పళ్లే తీస్తుంటారని ఎవరైనా చెబితే, "లైన్లో ఎవడు నిలబడతాడు" అనండి. అదే మనిషి బ్యాంకులో, రేషన్ షాపు దగ్గర, బంధువుల పెళ్లి భోజనాల్లో నిలబడతాడు. అది వేరే సంగతి.

ఇప్పుడు హైదరాబాదులో ఉన్న బావమరిదికి ఫోన్ చేయండి. "ఆ పల్లెటూళ్లో ఏం చూపించుకుంటావు బావా, ఇక్కడికి రా" అంటాడు. నోరు ఒకటే గాని మనుషులు నలుగురు వెళ్లాలి: మీరు, తోడుగా భార్య, ఇంట్లో వదిలేయలేని పిల్లలిద్దరు. వెళ్లాక చార్మినారు చూడకుండా ఎట్లా వస్తారు? చీరలు కొనకుండా ఎట్లా వస్తారు? ఇంటికొచ్చాక ఎవరడిగినా "పన్నుకు పాతికవేలయ్యాయి" అని చెప్పండి. ఆ పాతికవేలలో పన్ను వాటా ఎంతో ఎవరూ అడగరు.

కుర్చీలో కూర్చునే ముందు రేటు అడగడం అమర్యాద. పై దవడ పన్ను తిన్నగా ఉంటే పట్టకారుతో వచ్చేస్తుంది, వందల నుంచి వెయ్యీ రెండువేల మాట. కింది దవడలో అడ్డం తిరిగిందయితే చిగురు కోసి, ఎముక కాస్త అరగదీసి, పన్నును ముక్కలు చేసి తీయాలి. దాని పక్కనుంచే కింది పెదవికి స్పర్శనిచ్చే నరం పోతుంది, కాబట్టి దవడంతా కనిపించే పెద్ద ఎక్స్‌రే కావాలి, ఒక్కోసారి స్కాన్ కూడా. అప్పుడు బిల్లు వేలల్లోకి పోతుంది, అది న్యాయమే. కానీ మన పన్ను ఏ రకమో, ఎక్స్‌రే, మత్తుసూది, కుట్లు, మందులు ఇందులోవేనా విడిగానా అని ముందే అడిగితే ఆశ్చర్యం పోతుంది. పని అయ్యాక, నోటినిండా దూది, సగం బుగ్గ మొద్దుబారి ఉండగా అడగండి. "ఎంఫంఫుద్ది ఫార్" అంటే కౌంటర్లో అమ్మాయికి అర్థం కాదు, మీరు బేరమాడలేరు, కార్డు గీకేస్తారు.

"ఎట్లాగూ వచ్చారు, నాలుగూ తీయించేయండి" అన్నారంటే వెంటనే ఒప్పుకోండి. నొప్పీ రోగమూ లేని జ్ఞానదంతాలను ముందుజాగ్రత్త పేరుతో తీయొద్దని బ్రిటన్ ప్రభుత్వ సంస్థ నైస్ 2000లోనే చెప్పింది. అది తెల్లవాళ్ల పిసినారితనం, మనకెందుకు.

ఇన్సూరెన్సు ఉందన్న ధీమాతో వెళ్లడం కూడా మంచి పద్ధతే. పాలసీ కాగితం చదివితే పంటి వైద్యం చాలా పాలసీల్లో రాదనీ, ప్రమాదంలో దెబ్బ తగిలితేనే ఇస్తారనీ తెలుస్తుంది. అంటే ట్రాక్టరు మీంచి పడి పళ్లు రాలాలి. అమెరికాలో ఉన్న అబ్బాయిని అడిగినా ఊరట దొరుకుతుంది: ఇన్సూరెన్సు లేకుండా నాలుగు తీయిస్తే వెయ్యి డాలర్లు దాటడం అక్కడ మామూలే. పళ్ల పని కోసం సెలవులకు ఇంటికొచ్చే మనవాళ్లూ ఉన్నారు.

పన్ను వచ్చేశాక ఖర్చు ఆగిపోతుందని నిరాశపడకండి. ఉమ్మొద్దు, పొగ తాగొద్దు, స్ట్రాతో కూల్‌డ్రింకు పీల్చొద్దు అని చెప్పి పంపుతారు. గుంటలో గడ్డకట్టిన రక్తమే పుండును కప్పి ఉంచుతుంది కాబట్టి చెబుతారు. మీరు బస్సు కిటికీలోంచి పది నిమిషాలకోసారి ఉమ్మి, ఎర్రగా ఉందో లేదో చూసుకుంటూ రండి. రాత్రికి ఒక బీడీ. మూడో రోజుకు గడ్డ ఊడి, ఎముక బయటపడి, చెవిదాకా పోటు లేస్తుంది. మళ్లీ హైదరాబాదు బస్సు, మళ్లీ ఫీజు.

ఇదంతా చేసే ఓపిక లేనివాళ్లు బుగ్గ వాచిన మొదటిసారే బస్సెక్కండి. కుర్చీ ఎక్కకముందే ఎక్స్‌రేకి ఎంత, తీసినందుకు ఎంత, మందులు కలిపేనా, కుట్లు విప్పేటప్పుడు మళ్లీ ఫీజుందా అని అడిగి, చీటీ మీద రాసిమ్మనండి. రాసివ్వబోమని అంటే చీటీ ముడుచుకుని లేచి వచ్చేయండి. మార్కాపురంలో పళ్ల డాక్టర్ల బోర్డులు ఒకటికి మించే ఉన్నాయి.