నోటితో చెబితే మార్కు

అమెరికాలో అంబులెన్స్ ఉద్యోగం కోసం ప్రాక్టికల్ పరీక్షకు వెళ్లిన కుర్రాడు గదిలో కాలు పెట్టీ పెట్టగానే ఓ మంత్రం చదవాలి. "బీఎస్‌ఐ, సీన్ సేఫ్!" రోగి రక్తం నాకు అంటకుండా జాగ్రత్త పడ్డాను, చుట్టుపక్కల ప్రమాదమేమీ లేదు అని దాని తాత్పర్యం. గదిలో ఉన్నదల్లా ఓ ట్యూబులైటు, నేలమీద ప్లాస్టిక్ బొమ్మ, అట్టకి కాగితాలు బిగించుకుని కూర్చున్న పరీక్షకుడు. అక్కడ ప్రమాదమంటూ ఉంటే అది అభ్యర్థికే. అయినా చదవాలి. మార్కుల కాగితం ప్రకారం చేతికి తొడుగు వేసుకున్నా మార్కే, వేసుకున్నానని నోటితో చెప్పినా మార్కే. రెండూ మరిచిపోయాడా, ఆ తర్వాత బొమ్మను లేపి కూర్చోబెట్టినా ఫెయిలే.

ఆ దేశం దాదాపు అరవై ఏళ్లుగా పోగుచేసిన అత్యవసర వైద్య ప్రమాణాల సారమంతా నాకు ఆ ఒక్క మార్కులో కనబడుతుంది. నోటితో చెప్పగలిగినదానికీ కాగితం మీద రాయగలిగినదానికీ అక్కడ ప్రమాణం ఉంది. బండి ఎంతసేపటికి వస్తుంది, అందులో వచ్చేవాడి జీతమెంత, దిగాక మన బిల్లెంత అనే చిల్లర విషయాలకు ఇంకా రాలేదు. ఒక్కొక్కటిగా వస్తాయి, తొందరెందుకు?

మొదట్లో ఇదీ లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. 1966లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రమాద మరణాల మీద ఓ నివేదిక వేసింది. అంతకుముందు ఏడాది ఒక్కదాంట్లోనే ప్రమాదాల్లో 1,07,000 మంది పోయారని లెక్క చెప్పి, ఆ చేత్తోనే ఇంకో సంగతి బయటపెట్టింది. దేశంలోని అంబులెన్స్ సేవల్లో సుమారు సగం 12,000 మంది శవసంస్కార వ్యాపారుల చేతుల్లో ఉన్నాయట. మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్లేంత పొడుగు బండి ఊళ్లో వాళ్లకే ఉండేది మరి. రోగి దారిలో మనసు మార్చుకున్నా బండి మార్చనక్కర్లేదు. గిరాకీ ఎటుపోయినా ఇంట్లోనే. మొదటి నుంచి చివరిదాకా ఒకే సంస్థ చూసుకునే అంత సమగ్రమైన సేవ ఆ తర్వాత వచ్చిన ఏ ప్రమాణమూ ఇవ్వలేకపోయింది.

ఆ ఏడాదే రహదారి భద్రతా చట్టం వచ్చింది. జనం ఎక్కువగా రోడ్డుమీద పోతున్నారు కాబట్టి అంబులెన్స్ వైద్యాన్ని తీసుకెళ్లి రవాణా శాఖకు అప్పజెప్పారు. ఇప్పటికీ అక్కడే ఉంది. అంబులెన్స్‌లో వచ్చే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ (ఈఎంటీ) ఏం చదవాలో జాతీయ స్థాయిలో గీత గీసేది రహదారి భద్రతా సంస్థే. మన దగ్గర ఆర్టీవో ఆఫీసు మంత్రసానులకు సిలబస్ రాసిందనుకోండి, అలాగన్నమాట. నట్టింట్లో గుండె ఆగినా, పొలంలో పాము కరిచినా ట్రాఫిక్ వ్యవహారమే. ఆ శాఖ తయారు చేయించిన మొదటి ఈఎంటీ కోర్సు 81 గంటలు. 1970లో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో నేషనల్ రిజిస్ట్రీ అనే లాభాపేక్ష లేని సంస్థ వెలిసి, మరుసటి ఏడాది నుంచి పరీక్షలు మొదలుపెట్టింది. పేరులో నేషనల్ ఉంది. దాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది మాత్రం ఏ రాష్ట్రం ఇష్టం ఆ రాష్ట్రానిది. న్యూయార్క్ దశాబ్దాల తరబడి తన పరీక్ష తానే పెట్టుకుంది. న్యూయార్క్ వాళ్ల గుండెలు వేరే రకంగా ఆగుతాయి కాబోలు.

ఇలా పాతికేళ్లు ప్రమాణీకరించగా ప్రమాణీకరించగా 1990ల మధ్యకు దేశంలో అంబులెన్స్ ఉద్యోగుల హోదాలు 40 రకాలు దాటాయి. వర్జీనియాలో షాక్ ట్రామా టెక్నీషియన్ ఒకరు, కార్డియాక్ టెక్నీషియన్ ఇంకొకరు. అయోవాలో చాలాకాలం పారామెడిక్ అంటే జాతీయ లెక్కలో మధ్య మెట్టువాడు, పై మెట్టుమీదున్న అసలు సిసలు పారామెడిక్‌ను పారామెడిక్ స్పెషలిస్ట్ అనాల్సి వచ్చేది. టెక్సస్‌లో మామూలు పారామెడిక్, లైసెన్స్‌డ్ పారామెడిక్ అని ఇద్దరున్నారు. చేసే పని ఒకటే, రెండో ఆయన దగ్గర కాలేజీ డిగ్రీ ఉంటుంది. రక్తం కారుతున్నవాడు అంబులెన్స్ తలుపు తెరుచుకోగానే ముందు వీళ్ల వరసలు కనుక్కుని, ఆ తర్వాత స్పృహ తప్పాలి. 2007లో ఈ సంతను నాలుగు మెట్లకు కుదించారు. రాష్ట్రం దాటిన ఈఎంటీ అవతలి గట్టున కూడా ఈఎంటీయే అని పరస్పరం ఒప్పుకునే ఒడంబడిక ఒకటి రాసుకుంటే, అది అమల్లోకి రావడానికి కావలసిన పదో రాష్ట్రం దొరికేసరికి 2017 వచ్చింది. ఆ పదో రాష్ట్రం జార్జియా. చంద్రుడి మీద కాలు పెట్టిన 48 ఏళ్లకు పది రాష్ట్రాలను ఒక కాగితం మీదకు తేగలిగారు.

శిక్షణ గంటల సంగతి ఎత్తకపోతే మన బ్యూటీ పార్లర్లకు అన్యాయం చేసినట్టవుతుంది. 2012లో ఇన్‌స్టిట్యూట్ ఫర్ జస్టిస్ అనే సంస్థ రాష్ట్రాలవారీ లైసెన్సు నియమాలన్నీ పోగేసి సగటు తీసింది. జుట్టు, ముఖం, గోళ్లు చూసే కాస్మెటాలజిస్టుకు 372 రోజుల శిక్షణ, ఈఎంటీకి 33 రోజులు. టెక్సస్‌లో దారంతో కనుబొమలు తీయాలంటే 750 గంటలు చదివి రావాలని సర్కారు పట్టుబట్టింది. దారం పని అమ్మల దగ్గరా అక్కల దగ్గరా నేర్చుకున్న మన ఉపఖండం వాళ్లు కోర్టుకెళితే, 2015లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇది మరీ చోద్యమని కొట్టేసింది. ఈఎంటీ కోర్సు మామూలుగా 150 నుంచి 190 గంటల్లో అయిపోతుంది. కనుబొమ వంకర పోతే పెళ్లి ఫొటోల్లో జీవితాంతం కనబడుతుంది. ప్రాణం పోతే ఫొటో దిగే అవసరమే ఉండదు. గంటలు ఆ ప్రకారమే పంచారు.

రిజిస్ట్రీ రాత పరీక్ష 2007 నుంచి కంప్యూటర్ మీద. ఒప్పు రాస్తే కష్టమైన ప్రశ్న, తప్పు రాస్తే తేలికైనది ఇస్తూ పోతుంది. ఈఎంటీకి 70 నుంచి 120 దాకా ఎన్నైనా రావచ్చు. వీడి సంగతి నాకు తెలిసిపోయింది అని యంత్రానికి నమ్మకం కుదిరిన క్షణాన తెర ఆగిపోతుంది. తెలిసింది యంత్రానికే, అభ్యర్థికి కాదు. 70వ ప్రశ్నకే ఆగితే తాను మహామేధావో, మహామొద్దో ఫలితం వచ్చేదాకా తేల్చుకోలేడు. ఇక చేతిపని. పారామెడిక్ మెట్టుకు అదీ చూసేవారు. 2024 జూన్ 30తో ఆ ప్రాక్టికల్‌కు రిజిస్ట్రీ మంగళం పాడి, చేతిని చూసుకునే బాధ్యత కాలేజీలకు వదిలేసింది. ఇన్నాళ్లూ చేతి బదులు నోరు చెబితే సరిపోయేది. ఇప్పుడు జాతీయ పరీక్షకు నోరూ అక్కర్లేదు, ఓ వేలు ఉంటే చాలు, మౌస్ నొక్కడానికి.

పోనీ, ఇంత చేశాక గుండె ఆగినవాడు ఎక్కడున్నా ఒకేలా బతుకుతున్నాడా? 2008లో జామా అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఉత్తర అమెరికాలో పది చోట్ల అంబులెన్స్ సిబ్బంది చూసిన, గుండె ఆగిపోయిన కేసులను పోల్చారు. షాక్ ఇస్తే తిరిగి కొట్టుకునే రకంగా గుండె ఆగిపోయినప్పుడు, ఒకచోట నూటికి 8 మందే బతికితే ఇంకోచోట 40 మంది బతికారు. ఆ 40 మంది సియాటిల్ వాళ్లు. అక్కడ 1970ల నుంచి డాక్టర్లు పారామెడిక్కుల వెంటపడి నేర్పుతున్నారు, ఊళ్లో జనానికి సీపీఆర్ నేర్పుతున్నారు, ప్రతి కేసూ తిరగేసి లెక్కచూస్తున్నారు. మార్కుల కాగితంలో ఇవేవీ లేవు. ఆ కాగితంలో లేనివాటి వల్లే ఆ 32 మందీ బతుకుతున్నారని గట్టిగా అంటే బాగుండదు గనక మెల్లగా అంటున్నాను.

ఇంతకీ ఈ జాతీయ ప్రమాణం ఎక్కడ పుట్టిందో చెప్పలేదు కదా. పిట్స్‌బర్గ్‌లో హిల్ డిస్ట్రిక్ట్ అని నల్లవాళ్ల పేట ఉంది. 1960లలో అక్కడెవరికైనా ప్రాణం మీదకొస్తే పోలీసు వ్యాను వచ్చేది, అదీ వస్తే. వెనక పడుకోబెట్టి, పోలీసులిద్దరూ ముందు కూర్చుని నడిపేవాళ్లు. 1966 నవంబరులో మాజీ గవర్నర్ డేవిడ్ లారెన్స్ ఎన్నికల సభలో కుప్పకూలితే ఆయనకూ పోలీసు బండే గతయింది. కొద్దిరోజులకు పోయాడు. ఆయనకు వైద్యం చేసినవాళ్లలో పీటర్ సాఫర్ అనే మత్తు డాక్టరున్నాడు. వియన్నాలో పుట్టినవాడు, ఇవాళ ప్రపంచమంతా నేర్చుకునే సీపీఆర్‌కు రూపం ఇచ్చినవాళ్లలో ముఖ్యుడు. ఆయన 1967లో హిల్ కుర్రాళ్లను, ఎవరూ పనిలో పెట్టుకోరని ముద్రపడిన వాళ్లను, చేరదీసి 300 గంటలు శిక్షణ ఇచ్చాడు. ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ సర్వీస్ అని పేరు. మొదటి ఏడాదే దాదాపు 5,800 పిలుపులకు వెళ్లారు. సుమారు 200 మంది వాళ్లవల్లే బతికారని సాఫర్ లెక్కగట్టాడు. దేశానికి ఆ 81 గంటల కోర్సైనా లేని రోజులవి.

1974లో నాన్సీ కారొలిన్ అనే యువ డాక్టరు వాళ్లకు వైద్య సారథిగా వచ్చింది. పగలూ రాత్రీ వాళ్లతో బండిలో తిరిగింది. దేశం మొత్తానికీ పారామెడిక్ పాఠ్యప్రణాళిక రాసే పని రవాణా శాఖ ఆమెకే ఇచ్చింది. ఆ పాఠాలు మొదట అమలైంది ఫ్రీడమ్ హౌస్ కుర్రాళ్ల చేతుల మీద, హిల్ వీధుల్లో. 1975లో పిట్స్‌బర్గ్ నగరపాలక సంస్థకు తానూ ఒక అంబులెన్స్ సర్వీసు పెట్టాలనిపించింది. ఫ్రీడమ్ హౌస్‌ను మూసేశారు. వీళ్లను ఉద్యోగాల్లోకి తీసుకోవాల్సిందేనని కారొలిన్ పట్టుబడితే సరేనన్నారు. ఆ తర్వాత నియమాలు బయటికొచ్చాయి. పాత కేసులున్నవాళ్లు ఇంటికి. మిగిలినవాళ్లకు పరీక్ష, అదీ వాళ్లకు ఎవరూ చెప్పని పాఠాల్లోంచి. నెగ్గుకొచ్చినవాళ్లలో కూడా చాలామందిని రోగి దగ్గరకు పోనివ్వని పనులకు మార్చారు, తమకన్నా అనుభవం తక్కువైన తెల్లవాళ్ల కింద వేశారు. దేశం మొత్తం ఎవరి పని చూసి పాఠం రాసుకుందో వాళ్లే అర్హులు కాకుండా పోయారు. ఒక్క జాన్ మూన్ లాంటివాళ్లు పళ్లబిగువున నిలబడ్డారు, ఆయన చివరికి అదే నగర సర్వీసులో అసిస్టెంట్ చీఫ్ దాకా వెళ్లాడు. ప్రమాణం అంటే ఏమిటని ఎవరైనా నన్నడిగితే 1975 నాటి ఆ ప్రశ్నపత్రం చూపిస్తాను. ఆ పత్రం నూటికి నూరుపాళ్లూ పనిచేసింది. ఎవరిని ఆపడానికి పెట్టారో వాళ్లను ఆపింది.

ఇప్పుడు ఈ పరీక్షలన్నీ పాసై బండి ఎక్కిన ఈఎంటీకి ఏడాదికి 40,000 డాలర్లు అటూఇటూ. అమెరికాలో దాంతో బతకడమే ఒక ఎమర్జెన్సీ. రెండేళ్లకోసారి 40 గంటలు మళ్లీ చదివి సర్టిఫికెట్టు నిలుపుకోవాలి. అదే బండి ఎక్కిన రోగికి మాత్రం ఎంతైనా రావచ్చు. ఆస్పత్రుల దొంగదెబ్బ బిల్లుల మీద 2022లో అమల్లోకి వచ్చిన చట్టం హెలికాప్టర్‌లో తీసుకెళ్లినవాణ్ణి కాపాడింది, రోడ్డుమీద తీసుకెళ్లినవాణ్ణి వదిలేసింది. మన 108లో ఎక్కినవాడికి బిల్లుండదు. సరే, మనదేమీ స్వర్గం కాదు. 2005లో హైదరాబాద్‌లో ఆ బండి కదిలింది, లోపలున్న ఈఎంటీని ఓ వృత్తి మనిషిగా గుర్తించే కేంద్ర చట్టం రావడానికి 2021 దాకా పట్టింది. మనవాళ్లు కాగితం లేకుండానే పదహారేళ్లు ప్రాణాలు మోశారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు కాగితం సంపాదించి ఆ మోత ఒక్కటీ మానేశారు.

అర్థం కాకపోతే డాలస్ పక్కన ఏ వనభోజనాలకైనా వెళ్లండి. మెడికల్ కాలేజీ దరఖాస్తులో ఓ వరస నిండాలంటే ఈఎంటీ కోర్సు ఒకటి ఉంటే మంచిదని పిల్లలకూ తల్లులకూ ఏనాడో తెలుసు. వేసవి సెలవుల్లో చేసేస్తారు. పులిహోర వడ్డించుకుంటూ ఇద్దరు మాట్లాడుకుంటారు.

"మా పెద్దదానికి ఈఎంటీ సర్టిఫికెట్ వచ్చింది వదినా. నేషనల్."

"అబ్బో! అయితే అంబులెన్స్‌లో పనిచేస్తుందా?"

"అయ్యో, ఆ పని మనకెందుకమ్మా! సర్టిఫికెట్ వరకే."

"మరి ఇక్కడ ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే?"

"911 ఉందిగా, వదినా."