కాపలావాడికి కొలతలు, కన్ను పెట్టేవాడికి నిచ్చెన

మన రాష్ట్రాల్లో తాటిచెట్టెక్కి కల్లు గీయాలంటే లైసెన్సు కావాలి. దీపావళికి టపాసుల కొట్టు పెట్టాలంటే లైసెన్సు కావాలి. మందుల షాపు తెరవాలంటే ఫార్మసిస్టు సర్టిఫికెట్టు గోడకు వేలాడాలి. ఒక్క పనికి మాత్రం ఎవరూ పరీక్ష పెట్టరు. మీ ఇంటి హాల్లోనో, ఆడపిల్లల హాస్టల్ వరండాలోనో ఒక కెమెరా కన్ను బిగించి, అది చూసేదంతా తానూ చూడగలిగే పాస్‌వర్డును ఫోన్లో వేసుకుని ఎవరైనా వెళ్లిపోవచ్చు. పైగా అందుకు మనమే డబ్బిస్తాం, మధ్యలో టీ కూడా ఇస్తాం.

ఈ విద్యకు మన గురుకులం హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ. పొద్దున వెళ్లి నాలుగు డోములు, నాలుగు బుల్లెట్లు, రికార్డు చేసే ఒక డీవీఆరు, హార్డ్‌డిస్కు, కేబుల్ చుట్ట, గుప్పెడు బీఎన్‌సీ పిన్నులు తెచ్చుకుంటే సాయంత్రానికల్లా మీరు ‘సెక్యూరిటీ సొల్యూషన్స్’ అధినేత. నిచ్చెన అద్దెకు దొరుకుతుంది. తెలియనిది యూట్యూబు చెబుతుంది. అదీ చెప్పలేనిది కస్టమరుకు ఎలాగూ తెలియదు.

లైసెన్సు బొత్తిగా లేదని సర్కారును ఆడిపోసుకోవడం అన్యాయం. ఉంది. హైదరాబాద్‌లో షాపు పెడితే కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు తీసుకోవాల్సిందే. దాని ఫీజు షాపు ఎన్ని చదరపు అడుగులు, ముందున్న రోడ్డు ఎంత పెద్దది అనే లెక్క మీద నడుస్తుంది. అంటే ఊరందరి ఇళ్లలో కళ్లు పెట్టే మనిషి గురించి ప్రభుత్వానికి క్షుణ్ణంగా తెలిసిన సంగతి, అతని షాపు ముందు రోడ్డు.

అదే కెమెరా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే సెక్యూరిటీ గార్డు సంగతి చూడండి. అతనికోసం 2005లో పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. 2006లో వచ్చిన కేంద్ర నమూనా నిబంధనల ప్రకారం అతని ఎత్తు 160 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఛాతీ 80 సెంటీమీటర్లు ఉండాలి, ఊపిరి పీలిస్తే ఇంకో 4 పెరగాలి. మోకాళ్లు ఒకదానికొకటి తగలకూడదు, పాదాలు చదునుగా ఉండకూడదు, ఆరు నిమిషాల్లో కిలోమీటరు పరుగెత్తాలి. ఇవన్నీ దాటాక 100 గంటలు తరగతి గదిలో, 60 గంటలు బయట శిక్షణ. అతన్ని పంపే ఏజెన్సీకి లైసెన్సు లేకపోతే ఏడాది దాకా జైలు, లేదా 25 వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఇన్ని వడపోతలు దాటి వచ్చిన మనిషి చేసే పని గేటు తీయడం, స్విగ్గీ అబ్బాయి పేరు రిజిస్టరులో రాయించడం. అతని తల మీది కన్నును బిగించినవాడి పాదాలు చదునో కాదో ఈ గణతంత్రంలో ఎవరికీ పట్టలేదు.

కెమెరాకు కూడా ఇప్పుడు పరీక్ష వచ్చింది. 2025 ఏప్రిల్ 9 నుంచి దేశంలో అమ్మే సీసీ కెమెరా గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో నెగ్గి రావాలి. లోపలి సాఫ్ట్‌వేరు ఎలాంటిది, దొడ్డిదారిన ఎవరైనా చొరబడగలరా అని అక్కడ శల్యపరీక్ష చేస్తారు. చైనా కెమెరాల మీద భయం పుణ్యమా అని మంచి పనే జరిగింది. అయితే ప్రయోగశాలలో అంత కష్టపడి నెగ్గిన కెమెరాను ఇంటికి తెచ్చి, పాస్‌వర్డు అడిగిన చోట ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వరుసగా నొక్కి, “మరచిపోకుండా ఉంటుంది సార్” అనే మహానుభావుడికి మాత్రం ప్రయోగశాల లేదు. ముందు తలుపుకు ఉక్కు గడియ పెట్టించి, తాళంచెవిని గుమ్మం మీద పెట్టి పోయినట్టుంది వ్యవహారం.

పాస్‌వర్డు అంత పెద్ద విషయమా అనేవాళ్లు 2016 అక్టోబరు 21ని గుర్తు చేసుకోవాలి. ఆ రోజు అమెరికాలో ట్విట్టరు, నెట్‌ఫ్లిక్సు లాంటివి గంటల తరబడి మూలనపడ్డాయి. పడగొట్టిన మిరాయ్ అనే ప్రోగ్రాము చేతిలో బ్రహ్మాస్త్రమేమీ లేదు. ఫ్యాక్టరీ పెట్టిన పేర్లు, పాస్‌వర్డులు అరవై చిల్లర ఉన్నాయంతే. వాటితోనే ఎవరూ తాళం మార్చని కెమెరాలనూ డీవీఆర్‌లనూ సైన్యంగా మార్చుకుంది. అంత దూరం ఎందుకనుకుంటే, 2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆస్పత్రిలో మహిళలను పరీక్షిస్తుండగా రికార్డయిన దృశ్యాలు టెలిగ్రామ్‌లో అమ్మకానికి వచ్చాయి. ఆ గదిలో కెమెరా ఎందుకని బిగించిననాడు ఎవరూ అడగలేదు. అడగడం ఎవరి ఉద్యోగమూ కాదు కనుక.

మన చట్టానికి తెలిసిన ప్రశ్న ఒక్కటే: కెమెరా ఉందా, లేదా? ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజాభద్రతా చట్టం జనం గుమిగూడే దుకాణాలూ ఆస్పత్రులూ కాలేజీలూ కెమెరాలు పెట్టుకోవాలంది, 30 రోజుల రికార్డింగు దాచి ఉంచాలంది. యజమాని దాన్ని శ్రద్ధగా పాటించాడు. ఎనిమిది కెమెరాలకు సరిపోయే హార్డ్‌డిస్కు ధర విని, అందులో సగం సైజుది వేయించాడు. నెల దాచాల్సింది పదిహేను రోజులకే చెరిగిపోతుంది. డీవీఆర్ గడియారపు బ్యాటరీ చచ్చి, దొంగతనం 2000 జనవరి 1న జరిగినట్టు తేదీ పడుతుంది. బుల్లెట్ కెమెరా సూర్యుడికి ఎదురుగా ఉంటుంది కాబట్టి దొంగ వెలుగుల్లో దేవుడిలా కనిపిస్తాడు. అయినా చట్టానికి లోటు రాలేదు. కెమెరా ఉంది.

ఈ ప్రశ్న అడిగే పోలీసు శాఖ సొంతిల్లు ఎలా ఉందో కూడా చూద్దాం. దేశంలోని ప్రతి పోలీస్‌స్టేషన్‌లో కెమెరాలు పెట్టాలనీ, రికార్డింగు 18 నెలలు ఉండాలనీ సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఆదేశించింది. 2025 సెప్టెంబరులో, స్టేషన్లలో పనిచేసే కెమెరాలు లేవన్న సంగతిని అదే కోర్టు తానంతట తానే కేసుగా తీసుకోవాల్సి వచ్చింది. కిరాణా కొట్టు కెమెరా చెడిపోతే నిర్లక్ష్యం. లాకప్ ముందు కెమెరా చెడిపోతే సాంకేతిక లోపం.

నిపుణుడు అసలే అక్కర్లేదా అంటే, కావాలి, తర్వాత. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఆ దృశ్యాన్ని కోర్టులో చూపాలంటే ధ్రువపత్రం జతచేయాలి, అందులో ఒక భాగం మీద నిపుణుడు సంతకం పెట్టాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు కొత్త కాదు. ఆ ఆకులకు సర్టిఫికెట్టు అడగడమే కొత్త.

ఇదంతా చదివి, “అయితే లైసెన్సు పెట్టేస్తే పోలా!” అనేవాళ్లు ఉంటారు. కాస్త ఆగండి. మన దగ్గర ఆ లైసెన్సు ఏ రూపంలో వస్తుందో ఊహించుకోవడానికి జ్యోతిషం అవసరం లేదు. దరఖాస్తుకు ఆన్‌లైన్ పోర్టలు, దాని ప్రింటుకు గెజిటెడ్ అధికారి సంతకం. నిచ్చెనకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు. ఛాతీ కొలత తప్పదు, టేపు ఎలాగూ కొని ఉంది. అయిదు జిల్లాలకు ఒక ఫీజు, రాష్ట్రమంతటికీ ఇంకో ఫీజు. ఏడాది తిరక్కుండా పెద్ద కంపెనీలు లైసెన్సు తీసుకుని, పని మాత్రం పాత కుర్రాడికే కెమెరాకింత అని సబ్ కాంట్రాక్టు ఇస్తాయి. మారేదల్లా బిల్లు. కుర్రాడు అదే, నిచ్చెన అదే, ఒకటి నుంచి ఎనిమిది దాకా పాస్‌వర్డూ అదే.

టెక్సస్‌లో స్థిరపడిన మనవాళ్లను అడిగితే చెబుతారు, అక్కడ కెమెరాలు బిగించడం వ్యాపారంగా చేయాలంటే ప్రజాభద్రతా శాఖ లైసెన్సు ఉండాలి, వేలిముద్రలిచ్చి పాత నేరచరిత్ర లేదని తేల్చుకోవాలి, బీమా చూపించాలి. అందులో నేర్చుకోవాల్సిందల్లా ఒక్కటే: పని చెడితే ఎవరిని పట్టుకోవాలో ఒక పేరు ఉంటుంది. మన నిచ్చెన కుర్రాడి మీద నాకు కోపం లేదు. మూడో అంతస్తు గోడకు వేలాడుతూ డ్రిల్లు పట్టుకునేది అతను. బేరమాడి, చవక డిస్కు వేయించి, పాస్‌వర్డు ఏమిటని కూడా అడగనిది మనం. అడగాలని మనకు చెప్పనిది చట్టం.

నిజంగా లైసెన్సు ఇవ్వదలిస్తే మూడు షరతులు చాలు. బిగించినవాడు కస్టమరు ఎదుటే పాస్‌వర్డు మార్పించి, తన ఫోన్లో నుంచి ఆ కెమెరాలను తీసేసి వెళ్లాలి. ఏ కెమెరా ఎటు చూస్తోందో, ఎన్ని రోజుల రికార్డింగు ఉంటుందో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. బట్టలు మార్చుకునే చోటా వైద్యపరీక్ష చేసే చోటా బిగించమంటే కుదరదనాలి, బిగిస్తే మళ్లీ ఈ పని చేయలేకపోవాలి. వీటికి కొత్త డైరెక్టరేటు అక్కర్లేదు, శంకుస్థాపన అక్కర్లేదు, టెండరు అసలే అక్కర్లేదు. ఇన్ని అక్కర్లేని పథకాన్ని ఏ ప్రభుత్వమైనా ఎందుకు తెస్తుంది?